ఇంటి వైఫైకి గడియ



పిల్లల చదువులకై పల్లె విడిచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో అద్దెయిండ్లు తీసికొన్న కుటుంబములు ఎన్నియో కలవు. అచట పాఠములు వచ్చు తీగవెంటనే పిల్లలు చూడరాని బూతుబొమ్మలును వచ్చుచున్నవి. కావ్యములలో శృంగారము లేకపోలేదు. కాని గురువు శిష్యుని యీడు చూచి పాఠము చెప్పెడివాడు. ఈ తీగ యీడు చూడదు.

ఉత్తరాఖండ్ హైకోర్టు ఆజ్ఞపై 2018లో కేంద్రప్రభుత్వము 827 అశ్లీల వెబ్‌సైట్లను మూయింపవలెనని ఉత్తరువిచ్చెను. కొన్ని పేరు మార్చుకొని మరల వచ్చినవి. కావున గడియ యింటనే పెట్టుకొనవలెను.

డి.ఎన్.ఎస్. అనునది పట్టాదారు పేరు చెప్పగానే సర్వే నంబరు చూపు దస్త్రము వంటిది. వైఫై పెట్టె అమరికలలో దానికి గల రెండు గళ్ళలో 1.1.1.3, 1.0.0.3 అని వ్రాసినచో, క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో ఉచితముగా నెలకొల్పిన దస్త్రము అశ్లీల వెబ్‌సైట్ల జాడ చెప్పదు. అయినను పిల్లవాడు సిమ్ము డేటాకు మారెనా, ఆ గడియ వ్యర్థము. ఫోనులో గూగుల్ ఫ్యామిలీ లింక్ వేరుగా అమర్చవలెను.

పొరపాటున చూచి బెదరిన పిల్ల తల్లితో చెప్పబోగా చెంపదెబ్బ తగిలినచో మరల నోరు విప్పదు. బెదిరించి ఫోటోలు అడుగువానికి కావలసినది ఆ మౌనమే. అట్టివాడు తారసిల్లినచో పిల్లను తిట్టక, ఆ సంభాషణను తుడిచివేయక, వెంటనే 1098కి ఫోను చేయవలెను.