నాన్న స్ప్లెండర్‌కి ఇంట్లోనే క్లచ్ ప్లేట్లు మార్చాం: తప్పు ఎవరిదంటే...

ఈ ఎపిసోడ్ మా ఊళ్ళో, మా ఇంటి అరుగు మీద షూట్ చేశాం. వెనకాల కోళ్ళ సౌండ్ వస్తే అడ్జస్ట్ అయిపోండి.

ఇదిగో, ఈ బండి మా నాన్నది. హీరో హోండా స్ప్లెండర్, 2004 మోడల్, 97.2 సీసీ. నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు కొన్నారు. నాన్న రోజూ పొలానికి దీని మీదే వెళ్తారు. మధ్యలో రైల్వే ఫ్లైఓవర్ ఒకటి ఎక్కాలి. పోయిన నెల వెనక యూరియా బస్తా కట్టుకుని ఆ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, సగంలో ఇంజన్ గట్టిగా అరుస్తోంది కానీ బండి కదలట్లేదు. వెనకాల లోడ్ లారీ, హారన్ మీద హారన్. నాన్న దిగి, బండిని నడిపించుకుంటూ పైదాకా తోశారు. ఆయనకి 61 ఏళ్ళు. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు, అమ్మ చెప్పింది. ఫోన్ చేసి అడిగితే, "అదేం లేదురా, బండి ముసలిదైంది, నెమ్మదిగా పోతే సరిపోద్ది" అన్నారు.

ఇంజన్ అరవడం, స్పీడ్ రాకపోవడం అంటే క్లచ్ స్లిప్ అవుతోందని. ఇంజన్ తిరుగుడుని గేర్‌బాక్స్‌కి అందించేది క్లచ్. లోపల ఫ్రిక్షన్ ప్లేట్లు, స్టీల్ ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. స్ప్రింగులు వాటిని నొక్కి పట్టుకుంటాయి. ఆ పట్టు తగ్గితే ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. అంతే మ్యాటర్.

కానీ ఆగండి. స్లిప్ అనగానే ఇంజన్ విప్పేయకండి. ముందు లివర్ చూడండి. లివర్ చివర దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఫ్రీగా ఆడాలి, ఆ తర్వాతే కేబుల్ లాగడం మొదలవ్వాలి. నాన్న బండికి ఆ ఆట సున్నా. ఎందుకంటే ఆయనకి లివర్ "టైట్‌గా" ఉంటేనే ఇష్టం, అడ్జస్టర్ తిప్పి తిప్పి బిగించేశారు. అంటే ఆయన చెయ్యి తీసేసినా క్లచ్ కొంచెం నొక్కినట్టే ఉంటోంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఆ ఆట ఇంకా తగ్గుతుంది కూడా.

దొంగ దొరికాడు, నాన్నదే తప్పు అనుకున్నా. కేబుల్ లూజు చేశా. కొంచెం బెటర్ అయింది, పూర్తిగా పోలేదు. అప్పుడు అమ్మ అంది, "నువ్వు పండక్కి వచ్చినప్పుడు ఏదో ఆయిల్ పోశావుగా దాన్లో."

ఫ్రెండ్స్, ఇది కట్ చేయకుండా ఉంచుతున్నా. సంక్రాంతికి వచ్చినప్పుడు నా కారు సర్వీస్‌లో మిగిలిన 5డబ్ల్యూ-30 ఆయిల్ నేనే తెచ్చి పోశాను. ఖరీదైన సింథటిక్, నాన్న బండికి మంచిదని. కారులో క్లచ్ ఇంజన్ ఆయిల్‌లో మునగదు. ఈ బండిలో మునుగుతుంది, ఒకే ఆయిల్ ఇంజన్‌కీ గేర్లకీ క్లచ్‌కీ. కారు ఆయిల్స్‌లో చాలావాటికి రాపిడి తగ్గించే కెమికల్స్ కలుపుతారు. క్లచ్ బతికేదే రాపిడి మీద. అందుకే బైక్ ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ అని చూసి కొనాలి. నేను చూడలేదు. బీటెక్ చదివి, నాలుగేళ్ళు కోడ్ రాసి, ఒక లేబుల్ చదవలేదు.

సరే, విప్పుదాం. ఇంజన్ చల్లారాక మెయిన్ స్టాండ్ వేసి, కింద డ్రెయిన్ బోల్ట్ తీసి ఆయిల్ దించేయండి. పాత ఆయిల్ కాలవలో పొయ్యకండి, డబ్బాలో పట్టి మెకానిక్ షాపులో ఇచ్చేయండి. కుడివైపు కిక్ రాడ్, ఫుట్‌రెస్ట్ తీసి, క్లచ్ కేబుల్ విడదీస్తే కవర్ బోల్టులు కనిపిస్తాయి. అన్నీ ఒకే పొడవు ఉండవు! ఒక అట్ట ముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ చోటి బోల్ట్ ఆ చోట గుచ్చి పెట్టుకోండి.

కవర్ తీసేటప్పుడు చిన్న డోవెల్ పిన్ ఒకటి ఎగిరిపోయింది. ఫోన్ లైట్ వేసుకుని నేను, నాన్న 40 నిమిషాలు వెతికాం. చివరికి పాత ఆయిల్ తొట్టిలో దొరికింది. మీరు ఫస్ట్ అక్కడే చూడండి.

లోపల నాలుగు స్ప్రింగ్ బోల్టులు. వాటిని ఎదురెదురుగా, కొంచెం కొంచెం వదులు చేయాలి. ఆ లిఫ్టర్ ప్లేట్ వచ్చాక మధ్యలో గాడులున్న గుండ్రటి లాక్ నట్. అసలు పరీక్ష ఇదే. దీనికి వేరే టూల్ ఉంది, స్పేర్ పార్ట్స్ షాపులో స్ప్లెండర్ క్లచ్ నట్ టూల్ అంటే ఇస్తారు. చాలామంది ఉలి పెట్టి సుత్తితో కొడతారు. నాకూ చేతులు దురద పెట్టాయి. వద్దు. గాడి చెడిపోతే తర్వాత ఊడదీసేవాడికి నరకం, చితికిన లోహం ముక్కలు లోపల పడితే ఇంజన్‌కి నరకం. టూల్ దొరక్కపోతే ఈ పని మెకానిక్‌కే ఇచ్చేయండి, అందులో సిగ్గేం లేదు. నట్‌తో పాటు క్లచ్ తిరగకుండా బండిని టాప్ గేర్‌లో పెట్టి వెనక బ్రేక్ నొక్కి పట్టాలి. నాన్న బ్రేక్ పట్టారు, నేను తిప్పా. మూడో ప్రయత్నంలో టక్‌మంది.

నట్ కింద వాషర్ మీద ఇంగ్లీషులో ఔట్‌సైడ్ అని రాసి ఉంటుంది. ఆ వైపు బయటికే రావాలి. ప్రతి స్టెప్‌కీ ఫోటో తీసుకోండి, అదే మన బ్యాకప్.

ఇప్పుడు ప్లేట్లు చూడండి. ఇది పాతది, ఇది కొత్తది. పక్కపక్కన పెడితే తేడా కంటికే తెలుస్తోంది. స్టీల్ ప్లేట్ మీద ఈ నీలం మచ్చలు వేడికి వచ్చినవి. దీన్ని అద్దం మీద పెడితే ఒక మూల లేస్తోంది, అంటే వంగిపోయింది. స్ప్రింగులు కూడా కొత్తవే వేశాం, పాతవి పొట్టిగా అయిపోయాయి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లని రాత్రంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టాం. పొడిగా బిగిస్తే మొదటి స్టార్ట్‌లోనే కాలతాయి. బేసిన్‌లో చూసి అమ్మ "గారెలకి నానబెట్టావా" అంది.

పాత గ్యాస్కెట్ గీకడం మాత్రం విసుగు. గంట పట్టింది. అల్యూమినియం మీద గీత పడకుండా, ముక్కలు లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టి గీకండి. కవర్ తీశాం కాబట్టి కిందున్న ఆయిల్ జాలీ కూడా కడిగేశాం. బిగింపు అంతా రివర్స్ ఆర్డర్. బోల్టులు చిన్నవి, బలం చూపించకండి, థ్రెడ్ పోతుంది. ఆయిల్ జాసో ఎంఏది, 10డబ్ల్యూ-30 పోశాం. డిప్‌స్టిక్‌ని తిప్పి బిగించకుండా, ఊరికే ఆనించి లెవెల్ చూడాలి.

చివర్లో కేబుల్ దగ్గర గొడవ. నేను 15 మిల్లీమీటర్లు వదిలాను. నాన్న లివర్ పట్టుకుని, "ఏంట్రా ఇది, ఊగుతోంది" అన్నారు. ఊగాలి నాన్నా అన్నా. "నువ్వు పోసిన ఆయిల్ కూడా మంచిదేనన్నావు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఏది ఎంత కారణమో, ఆయిలా, కేబులా, అరుగుదలా, నేను విడదీసి చెప్పలేను. మూడూ ఒకేసారి మార్చేశాం కదా. డీబగ్గింగ్‌లో అయితే ఇది తప్పు పద్ధతి.

సాయంత్రం ఫ్లైఓవర్ దగ్గరికి వెళ్ళాం. నాన్న నడిపారు, నేను వెనక. నా బరువు 84 కిలోలు, యూరియా బస్తా కంటే ఎక్కువే. మధ్యలో కావాలని ఒకసారి ఆపి, ఫస్ట్ గేర్‌లో లేపారు. ఎక్కింది. పైకెళ్ళాక బండి పక్కన పెట్టి, దిగి, లివర్‌ని రెండుసార్లు నొక్కి చూశారు. "కొంచెం బిగించనా?" అన్నారు.

వద్దన్నా. నేను హైదరాబాద్ వెళ్ళాక బిగించేస్తారని నాకు తెలుసు. అందుకే అడ్జస్టర్ మీద తెల్ల పెయింట్‌తో గీత పెట్టి వచ్చా. వచ్చే నెల వెళ్ళి చూస్తా, గీత ఎక్కడుందో మీకూ చూపిస్తా. ఉంటా ఫ్రెండ్స్, బై.