ఆగి ఆగి నడిచే మోటారు



బోరు మోటారు పూర్తిగా చెడిపోతే లోపం వెంటనే తెలుస్తుంది. గంట నడిచి ఊరకే ఆగిపోయి, కాసేపటికి మరల నడిచే మోటారుతోనే అసలు తంటా. ఈ పూట దానిని గురించి నాలుగు మాటలు చెప్పుకొందాము.

మా మండలంలో ఒక పెద్దాయనకు ఇదే జరిగినది. యాసంగి వేరుశనగ ఊడలు దిగే సమయం. స్టార్టరు మాటిమాటికి ట్రిప్పయ్యేది. మోటారు పైకి తీయించి కాయిలు మార్పించాడు. దించిన మూడోనాడు మరల అదే వరస! చివరకు చూస్తే, కేసింగు అంచు మీద కేబులు వంగినచోట లోపలి రాగి పోగులు తెగియున్నవి. పైతొడుగు మాత్రం బాగానే వున్నది. మోటారు అదిరినప్పుడల్లా ఒక ఫేజు పోయేది. బరువంతా మిగిలిన రెండు ఫేజుల మీద పడి రిలే కొట్టేసేది. కాయిలు ఖర్చు దండుగ. ఊడల వేళ తడి కూడ తప్పింది.

కనుక మోటారు తీయకముందే తీగను అనుమానించండి. ఇరుగుపొరుగు మోటార్లు కూడ అదే వేళకు ఆగుతున్నవా? అట్లయితే లోపం లైనులో వుండవచ్చు, లైన్‌మనుకు చెప్పండి. మీది ఒక్కటే ఆగితే, ఎంతసేపటికి ఆగినది, వాన పడినదా, అన్నది ఒక కాగితం మీద వ్రాసి పెట్టుకొని మెకానిక్కుకు చూపండి.

తీగ ముట్టకముందు మెయిను ఆపి, ఫ్యూజులు పీకి మీ జేబులోనే వేసుకొనండి. ఆటోమేటిక్ స్టార్టరు వుంటే కరెంటు రాగానే దానంతటదే ఎత్తుకొంటుంది. చేతిలో తీగ వున్న మనిషిని అది ఎరుగదు. మూడు ఫేజుల 415 వోల్టులు తడి నేలపై నిలిచినవానిని బ్రతకనివ్వవు.

మొదట స్టార్టరులోని స్క్రూలు చూడండి. వదులైనచోట తీగ నల్లబడి వుంటుంది. తరువాత కేబులు రెండు కొనలూ విప్పి, ఒక కొనన రెండేసి తీగలు కలిపి, రెండవ కొనన మెకానిక్కు మీటరు పెట్టవలెను. ఇంకొకరు కేబులును అడుగు అడుగునా మెల్లగా కదపవలెను. ముల్లు ఎక్కడ ఉలిక్కిపడితే తెగినది అక్కడే.

నీటిలోని జాయింటుది వేరొక తీరు. తడిసి వున్నప్పుడే లీకవుతుంది; పైకి తీసి ఆరబెడితే దోషం కనబడదు. అందుచేత నీటిలో వుండగానే, స్టార్టరు నుండి తీగలు విప్పి, 500 వోల్టుల మెగ్గరుతో తీగకూ ఎర్తుకూ మధ్య చూపించండి. ఒక మెగోముకు తక్కువైతే పైకి తీయించక తప్పదు. అప్పుడు మోటారును విడదీసి, కేబులును జాయింటుతో సహా నీళ్ల డ్రమ్ములో నానవేసి, కొనలు పొడిగా బయటవుంచి మరల చూపించండి. దోషం కేబులుదో మోటారుదో అక్కడ తేలిపోతుంది.

క్రొత్త జాయింటు వేయునప్పుడు మూడు తీగల ముడులూ ఒకే చోట రానీయవద్దు. రాగికి అల్యూమినియం మెలిపెట్టవద్దు. కేబులును పైపుకు పది అడుగులకొకటి చొప్పున కట్టండి. కేసింగు అంచున రబ్బరు ముక్క వేయండి.

రిలేను తప్పించి సూటిగా కలిపితే మోటారు ఆగదనుకొనేవారు వున్నారు. ఆగదు, కాలిపోతుంది. రిలే కొట్టుట రోగం కాదు, రోగమున్నదని చెప్పుట. దాని మాట వినండి.

సెలవు.