ఊరుమ్మడి సొత్తు
(శ్రీముఖలింగమున పఠనమందిర సభ్యుల యెదుట గావించిన ఉపన్యాసము)



ప్రజాజీవితమను మాట నేడు ప్రతివారి నోటను వినబడుచున్నది. ఎన్నికలలో నిలుచుటయే ప్రజాజీవితమని కొందరును, వేదికలెక్కి మాటలాడుటయే ప్రజాజీవితమని కొందరును తలచుచున్నారు. మా యభిప్రాయము వేరు. పదుగురి సొత్తును తన సొత్తువలె కాపాడుట, దానిని తనదని యాక్రమింపకుండుట, ఈ రెండే ప్రజాజీవితమునకు పునాదులు. ఈ మాట చెప్పుటకు శ్రీముఖలింగముకంటె తగిన చోటు మాకు తోపదు.

ఇది గాంగరాజుల కళింగనగరమని పెక్కురు చరిత్రకారుల నిర్ణయము. తరువాత రాజధాని కటకమునకు తరలిపోయినది. సింహాసనము పోయినది, సేనలు పోయినవి. వంశధార యొడ్డున మధుకేశ్వరుని గుడి నిలిచియున్నది. దాని శాసనములను చూడుడు. అఖండదీపమునకై యెవరేమి యిచ్చిరో రాతిలో చెక్కిరి. దాత పేరుతోపాటు దానము లెక్కయు పదిమంది కన్నుల యెదుట నుంచిరి. పదిమంది సొమ్మునకు పదిమందికి కనబడు లెక్క యుండవలెనను ధర్మము మన పూర్వులకు మనకంటె బాగుగ తెలియును.

ఈ దేవు డెవరివాడు? స్థలపురాణము ననుసరించి ఇప్పచెట్టున సవరలకు ప్రత్యక్షమైనవాడు. గర్భగుడిలో స్వామి వెనుకనున్న పెద్ద మట్టిగోలెము ఒక కుమ్మరి భక్తుని కానుక యని వాడుక. అడవివానికి కనబడి, కుమ్మరి కానుకను తన చెంత నుంచుకొనిన దేవుని పేరు చెప్పి మనుష్యుని వాకిట నిలుపుట కెవరికి హక్కు గలదు? అయినను మన దేశమున వీధులు, నూతులు, రేవులు, గుళ్లు కొందరికి మూయబడియుండెను. చెన్నరాష్ట్రమున 1938లో పౌరానర్హతల తొలగింపు చట్టమును, 1947లో దేవాలయ ప్రవేశ చట్టమును చేయవలసివచ్చినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 15వ యధికరణమున నూతులు, చెరువులు, స్నానఘట్టములు, బాటలు అని పేరు పేరున చెప్పినది. న్యాయవాద వృత్తిలోనున్న మేము ఆ వాక్యమును చదివినపుడెల్ల తలవంచుకొనుచుందుము. నీళ్లు త్రాగు హక్కును రాజ్యాంగమున వ్రాసికొనవలసిన దేశము మనది.

హక్కు వచ్చినది. బాధ్యత వచ్చినదా? మహాశివరాత్రి పిమ్మట చక్రతీర్థస్నానమునకు ఆంధ్రులును, ఒరియావారును ఈ రేవున జనసముద్రమై చేరుదురు. ఆనాడు తన ప్రక్కన మునుగువాని కులమేదని విచారించువాడు లేడు. కన్నులారా చూడదగిన దృశ్యమది! మరునాడో, అదే యిసుకతిన్నెలపై విస్తరాకులును, ప్లాస్టికు సంచులును గాలికి దొర్లుచుండును. తన వాకిట ముగ్గుపెట్టించుకొనువాడే ఆ సంచిని ఏటిలో విసరినాడు. ఊళ్లలో చెరువుగర్భము, శ్మశానబాట, మందబయలు గజము గజముగ తరిగిపోవుట మీ రెరుగనిది కాదు. గ్రామపు టుమ్మడి భూములలోని యాక్రమణలను తొలగించుటకు పథకము లేర్పరుపుడని 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున రాష్ట్రప్రభుత్వముల నాదేశించినది. కాని కోర్టు వచ్చి చెరువుగట్టున కావలి కూర్చుండునా?

కావలి కూర్చుండవలసినవారు మీవంటివారే. ఈ సమీపముననే పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారిని స్మరింపుడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, ఎవరును అడుగకయే సవరభాష నేర్చిరి. సవరపిల్లలకు వారి పలుకులోనే చదువు చెప్పింప బూనిరి. సవర వ్యాకరణమును, నిఘంటువును రచించిరి. భాషయు ఊరుమ్మడి స్థలమే. అందులోనికి రాలేకపోయినవారికై ఆయన తలుపు తెరచిరి. ప్రజాజీవితమన నదియే.

కావున మా మనవి మూడు పనులు. చక్రతీర్థము ముగిసిన మరునాడు రేవును శుభ్రపరచుటకు ఈ పఠనమందిర సభ్యులు వంతులు వేసికొనుడు. మీ యూరి పోరంబోకు భూముల సర్వే నంబర్లను, విస్తీర్ణములను 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద తెప్పించి, చదువురానివారికి చదివి వినిపించి, ఈ గోడకు వ్రేలాడదీయుడు. పఠనమందిరపు చందాల జమాఖర్చును నెలనెలా తలుపున కంటింపుడు. గుడిగోడ మనకు నేర్పిన పద్ధతి యిదియే. దీనికి ప్రభుత్వపు టనుమతి యక్కరలేదు, ఎన్నికలు రానక్కరలేదు. నూనె పోయువారున్నంత కాలమే అఖండదీపము వెలుగును. ఈ వారమే ప్రారంభింపుడు.