వరల్డ్‌కాన్‌లో నా అరగంట

(పూర్వవిద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను ‘అమెరికాలో అంతర్జాతీయ సదస్సులో ప్రసంగించి వచ్చిన మన వాడు’ అని పరిచయం చేశారు. వినడానికి బాగానే ఉంది కాని, జరిగింది అది కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

2025 ఆగస్టులో మా అమ్మాయి దగ్గర సియాటిల్‌లో ఉన్నాను. ఆ నెల 13 నుంచి 17 దాకా అక్కడ వరల్డ్‌కాన్ జరిగింది. సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ళ తిరునాళ్ళు అనుకోండి. 1939లో న్యూయార్క్‌లో మొదలుపెట్టారు. రెండో ప్రపంచయుద్ధం వల్ల నాలుగేళ్ళు ఆగింది, ఆ తర్వాత ఏటా ఒక ఊళ్ళో జరుగుతూ వస్తోంది. హ్యూగో అవార్డులు ఇచ్చేది అక్కడే. ఆ అవార్డులకు జ్యూరీ ఉండదు, సభ్యత్వం కట్టిన పాఠకులే ఓటు వేస్తారు.

నన్ను ఎవరూ పిలవలేదు. ముందుగా దరఖాస్తు పెట్టుకున్నాను, సభ్యత్వం డబ్బు కట్టుకున్నాను. మాట్లాడేవాళ్ళు కూడా మామూలుగా డబ్బు కట్టే లోపలికి వస్తారు. శాలువా లేదు, జ్ఞాపిక లేదు, ‘ఆత్మీయ అతిథి’ అసలే లేడు. మన సాహిత్య సభల్లో పెద్దలందరూ మాట్లాడి రచయిత చేతికి మైకు వచ్చేసరికి ఆఖరి బస్సు టైమవుతుంది. నేనూ అలాంటి సభల్లో అధ్యక్షత వహించినవాణ్ణే, కాబట్టి ఇందులో నా వాటా నాకుంది.

నాకు ఇచ్చింది అనువాదాల మీద చర్చ. ఒక బల్ల, అయిదు కుర్చీలు, ఒక గంట. నేను ఎనిమిది పేజీల ఉపన్యాసం రాసుకుని జేబులో పెట్టుకుని వెళ్ళాను. అది జేబులోనే ఉండిపోయింది. చర్చ నడిపే ఆవిడ ఒక ప్రశ్న అడుగుతుంది, రెండు నిమిషాలు చెప్పగానే పక్కవాళ్ళకు అందిస్తుంది. ‘ఈ సందర్భంగా’ అని మొదలుపెట్టేవాడికి అక్కడ చోటు లేదు.

చివర్లో శ్రోతల్లోంచి ఒకామె లేచి, తెలుగు నుంచి ఇంగ్లీషులో తాను చదవగలిగిన పుస్తకం ఒకటి చెప్పమంది. విశ్వనాథ ‘హాహా హూహూ’ చెప్పాను. గుర్రం తల ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చి పడటం, అతన్ని ఏం చేయాలో తెలియక అక్కడి మేధావులు తికమకపడటం కథ. వెల్చేరు నారాయణరావుగారి అనువాదం ఉంది. ఆమె శ్రద్ధగా రాసుకుంది. రాసుకుని, “ఇప్పుడు రాస్తున్నవాళ్ళలో?” అంది.

తెలుగు చదవగలిగిన మనిషైతే అనిల్ ఎస్. రాయల్ ‘నాగరికథ’ అనేవాణ్ణి. చిత్తర్వు మధు ‘కుజుడి కోసం’ అనేవాణ్ణి. ఇంగ్లీషులో అడిగేసరికి నా నోట ఒక్క పేరూ రాలేదు. గంట అయిపోయింది, లేచి వచ్చేశాను.

మర్నాడు కథాపఠనం. అరగంట. వచ్చినవాళ్ళు నలుగురు, అందులో ఒకడు మా అల్లుడు. నా కథ మన పేటదే. అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని గ్రూప్ వన్‌కి చదివే కుర్రాడికి, గ్రంథాలయంలో ఓ పాత పుస్తకంలో వచ్చే ఏడాది ప్రశ్నపత్రం దొరుకుతుంది. అది నిజమైనదో కాదో తేలాలంటే ఏడాది ఆగాలి. ఆగితే వయోపరిమితి దాటిపోతుంది. ఇంగ్లీషు అనువాదం నేనే చేసుకుని చదివాను. భవిష్యత్తులోంచి ప్రశ్నపత్రం రావడం వాళ్ళకేమీ వింతగా అనిపించలేదు. ఒక పరీక్ష కోసం మనిషి ఆరేళ్ళు ఒకే గదిలో కూర్చోవడం మాత్రం మింగుడుపడలేదు. అది నేను కల్పించాననే అనుకున్నారు.

అయ్యాక ఒక పెద్దాయన, నాకంటే పదేళ్ళు పెద్దవాడేమో, “మొదటి పేజీ మీ భాషలో చదవండి, ఎలా వినిపిస్తుందో చూద్దాం” అన్నాడు. నా దగ్గర తెలుగు ప్రతి లేదు. తీసుకెళ్ళాలని తోచలేదు. ఫోన్లోనూ లేదు. గుర్తున్నంత చెప్పబోయాను. రెండు వాక్యాలు వచ్చాయి, మూడోది నేను రాసిన వాక్యమే, రాలేదు. ఆయన మర్యాదగా థాంక్స్ చెప్పాడు. మా అల్లుడు నేల చూపులు చూశాడు.

ఇదే నారాయణగూడలో, మన బడిలో, తెలుగు మాస్టారు వెనక బెంచీ నుంచి లేపి పాఠం పైకి చదివించేవారు. తడబడితే మళ్ళీ మొదటినుంచి. బడి వదిలాక చిక్కడపల్లి దాకా నడిచి, అద్దె పుస్తకాల షాపులో రోజుకు పావలా ఇచ్చి నవలలు తెచ్చుకునేవాణ్ణి. యండమూరి ‘చీకట్లో సూర్యుడు’ అలా చదివిందే. తర్వాత ‘ఆదిత్య 369’ వచ్చినప్పుడు మాలో కొందరం కలిసి వెళ్ళి, రాయలవారి కాలం నుంచి 2504 దాకా తిరిగి వచ్చి, అశోక్‌నగర్ మలుపులో టీ తాగుతూ అర్ధరాత్రి దాకా వాదించుకున్నాం. కాలంలో వెనక్కి వెళ్ళినవాడు అక్కడ ఒక మాట మారిస్తే ఇక్కడ ఏమవుతుందని. ఆ వాదన వరల్డ్‌కాన్‌లో ఏ గదిలో పెట్టినా సరిపోతుంది. మనకు అప్పుడు బల్లా, గంటా ఇచ్చినవాళ్ళు లేరు, అంతే తేడా.

మన సంఘం నిధులతో పెద్ద సభ చేద్దామని నిన్న ఎవరో అన్నారు. చేయండి, కాదనను. నేను అడిగేది వేరు. నెలకో ఆదివారం, ఒక గంట, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో అనుమతి దొరికితే అక్కడ, లేకపోతే మన బడిలోనే ఏడో తరగతి గదిలో. గ్రంథాలయంలో చోటు కష్టమేనని తెలుసు, కుర్చీలన్నీ పరీక్షలకు చదివే పిల్లలవి, వాళ్ళను లేపకూడదు. ఇద్దరు చెరో కథ చదవాలి, మిగిలిన సమయం ప్రశ్నలకు. అధ్యక్షుడు వద్దు, గడియారం చూసే మనిషి ఒకరు చాలు. చదివిన కథల్లో నచ్చినదాన్ని ఇంగ్లీషు బాగా వచ్చిన మన పిల్లలెవరైనా అనువదిస్తే, ఆ ఖర్చు ఏమైనా ఉంటే మొదటి ఏడాది నేను పెట్టుకుంటాను. సియాటిల్ ఆవిడ ఈమెయిల్ నా దగ్గర ఉంది. పంపుతానని మాటిచ్చాను.

మొదటి నెల కథ నాదే చదువుతాను. ఈసారి తెలుగు ప్రతి రెండు కాపీలు తీయించాను, ఒకటి మా అల్లుడి దగ్గర ఉంటుంది. రెండో కథకు పేరు ఇవ్వదలుచుకున్నవాళ్ళు కార్యదర్శిగారికి ఇప్పుడే ఇవ్వండి. అక్కడ భోజనాలు వడ్డిస్తున్నామని సైగ చేస్తున్నారు, కూర్చుంటాను.