ఋషికుల్యా తీరపు తాబేళ్ళు – మన పల్లెకారులు

(టికిరిలో మన సంఘసభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాసపాఠము)



సముద్రమునకు ఇంత దూరమున, కొండల నడుమనున్న టికిరిలో సముద్రపు తాబేలును గూర్చి ఉపన్యాసమేమని మీలో కొందరు నవ్వుకొనుచుండవచ్చును. నవ్వుటకు ముందు మన సంతను ఒక్కసారి తలచుకొనుడు. మన సంతలకు వచ్చు ఎండుచేపల తట్టలలో గంజాము తీరమునుండి వచ్చునవి కొన్ని కలవు. ప్రతి శీతకాలమును ధర పెరుగగానే అంగడిలో పుట్టు మాట యొకటి: “తాబేలు బ్రతుకుటకు మనిషి పస్తుండవలెనా?” ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు చెప్పకుండ తాబేలు విష్ణువు అవతారమని చేతులు జోడించి ఊరకుండుట వర్తకునకు తగదు. లెక్క చూడవలెను. చూచినంత మేరకు మీ ముందుంచుచున్నాము.

మొదట ఆ మనుష్యులెవరో చెప్పెదము. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిశా రాష్ట్రమేర్పడువరకు గంజామును, మన కొరాపుట్టును మద్రాసు రాజధానిలోనివే. గీత గీసినప్పుడు మనమెట్లు ఈవల నుండిపోతిమో, గంజాము తీరపు తెలుగు పల్లెకారులును అట్లే ఉండిపోయిరి. ఒడియావారు వారిని నోలియాలందురు. పూరీలో స్నానమునకు దిగిన యాత్రికులను చేయిపట్టి అలలు దాటించు వారు ఆ నోలియాలే. అక్కడి పెంటకటా పేటలో తెలుగు వినబడును. ఋషికుల్యా నది సముద్రమున కలియుచోట పొడంపేట, గోఖరకుద మొదలగు పల్లెలలోను తెలుగు మాటాడు జాలరులు కలరు. పొడంపేట కథ విచారకరమైనది. సముద్రము ఇసుకను కోసికొనుచు వచ్చి పాత ఊరిని మ్రింగివేసినది. జనము లోపలికి జరిగి క్రొత్త ఇండ్లు కట్టుకొనవలసి వచ్చినది. ఆ తీరముననే ఏటేట ఫిబ్రవరి, మార్చి మాసములలో లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టుటకు వచ్చును.

ఈ తాబేలు మన చెరువులలోని తాబేలు కాదు. శ్రీకూర్మము దేవాలయమున మనము చూచు నక్షత్ర తాబేళ్ళ జాతియు కాదు. అవి నేలమీద గడ్డి మేయునవి. దీనిని శాస్త్రజ్ఞులు ఆలివ్ రిడ్లీ అందురు. ప్రపంచమున సముద్రపు తాబేళ్ళు ఏడు జాతులు. వానిలో అయిదు మన దేశపు జలములలో కలవు. ఆలివ్ రిడ్లీ వానిలో చిన్నది. డిప్ప రెండడుగుల పొడవు, బరువు నలుబది యేబది కిలోలు. ఆడుది రాత్రివేళ ఒడ్డునకు ప్రాకివచ్చి, వెనుక కాళ్ళతో ఒకటిన్నర అడుగు లోతు గొయ్యి త్రవ్వి, నూరు నూటయిరువది గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒడలితో త్రొక్కి, గంటలోపల తిరిగి నీటిలోనికి పోవును. తల్లి పని అంతతో సరి. ఏబది దినముల సుమారున సూర్యుని వేడియే గుడ్లను పొదుగును. వింతయేమన, ఇసుక కొంచెము చల్లగా నున్న మగపిల్లలు, వేడిగా నున్న ఆడుపిల్లలు పుట్టును. ఎండలు ఏటేట ముదురుచున్న ఈ కాలమున ఇది వినోదమునకు చెప్పు మాట కాదు.

ఇట్లు వేలు లక్షలుగా ఒక్కమారు గట్టెక్కుటను స్పానిషు భాషలో ‘అరిబాడా’, అనగా రాక, అందురు. మెక్సికో, కోస్టారికా దేశములలోను, మన ఒడిశాలోను ఇది పెద్దయెత్తున జరుగును. గహిరమథ సంగతిని 1974లో బస్టర్డ్ అను శాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపెను. మొసళ్ళ పనికై వచ్చిన ఆయన కంట తాబేళ్ళు పడినవి. దేవి నది ముఖద్వారము 1981లోను, ఋషికుల్య 1994లోను శాస్త్రజ్ఞుల లెక్కకెక్కినవి. లెక్కకెక్కినవనుచున్నాము గాని కనుగొనబడినవనుట లేదు. పొడంపేట ముసలివారికి 1994కు పూర్వము అవి కనబడకుండెనా? 2025 ఫిబ్రవరిలో ఋషికుల్య వద్ద ఏడు లక్షలకు చేరువగా తాబేళ్ళు గుడ్లు పెట్టినవని లెక్కించిరి. అంతకు ముందటి సంవత్సరము, 2024లో, ఆ రాకయే లేదు. ఈ వ్యాపారము ఇంత నమ్మరానిది!

ఇన్ని ఒక్కసారి ఎందుకు రావలెను? సంతను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. దినమునకొక బండి వచ్చిన ప్రతి బండిని దొంగలు దోచుకొనగలరు. వేయి బండ్లు ఒక్క రాత్రి వచ్చిన ఎన్నింటిని దోచెదరు? కుక్కలు, నక్కలు, గ్రద్దలు, పీతలు, చేపలు అన్నియు కడుపునిండ తిన్నను, తినగా మిగులునది ఉండును. అయినను వేయి పిల్లలలో పెద్దదగునది ఒక్కటి యనుట వాడుక. ఆ ఒక్కటియు పది పదునైదేండ్లకు గాని గుడ్లు పెట్టు వయసునకు రాదు.

అయ్యలారా, ఇక్కడ వర్తకులు చెవి యొగ్గవలెను. మనము పెట్టుబడికిని వడ్డీకిని భేదమెరిగిన వారము. తాబేలు విషయమున గుడ్లు వడ్డీ. పెరిగిన తల్లి అసలు. లేదా సేద్యగాని మాటలో, గుడ్డు విత్తనము, తల్లి కాడెద్దు. గింజలు కొన్ని ఎలుకలు తిన్నను వచ్చే యేటికి సేద్యము సాగును. ఎద్దు చచ్చిన నాగలి నిలిచిపోవును. 1987లో అమెరికా శాస్త్రజ్ఞులు మరియొక జాతి తాబేలుపై లెక్క కట్టి ఈ మాటనే చూపిరి: ఒడ్డున గుడ్లన్నిటిని కాపాడినను, సముద్రములో పెద్దవి చచ్చుచుండిన ఆ జాతి నిలువదు.

ఇంకొక చిక్కు కలదు. అసలు తరుగుచున్న సంగతి ఖాతాలో వెంటనే తెలియదు. మెక్సికోలో రాంచో న్యూవో అను తీరమున 1947లో ఒకడు తీసిన చలనచిత్రమునుబట్టి ఆ ఒక్క దినముననే నలువదివేల తాబేళ్ళు వచ్చినట్లు అంచనా వేసిరి. అవి ఈ రిడ్లీకి తోబుట్టువులైన మరియొక జాతివి. ఆ జనము గుడ్లు ఏరుచునే యుండిరి. పెద్ద తాబేళ్ళు వచ్చుచునే యుండెను. కావున నష్టమేమియు లేదని తలచిరి. ముసలివి రాలిపోవువరకు తెలియలేదు. 1985లో ఆ ఏడంతటికి దొరకిన గూళ్ళు ఏడువందల సుమారు మాత్రమే. కొట్టునిండ సరుకున్నదని మురియుచు, క్రొత్త సరుకు తెప్పించని వర్తకుని గతి ఇట్టిదే.

మన దేశపు సంగతియు తక్కువ కాదు. 1970ల నడిమివరకు గహిరమథలో గుడ్లు ఏరుటకు ప్రభుత్వమే లైసెన్సులిచ్చెడిది. పడవలకొలది గుడ్లు కలకత్తాకు పోయెడివి. పెద్ద తాబేళ్ళను వెల్లకిల వేసి రైళ్ళలో, లారీలలో మాంసమునకై తరలించిరి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును అమలుపరచి, తీరరక్షక దళమువారు ‘ఒలీవియా’ పేర కావలి పెట్టిన పిమ్మట ఆ వర్తకము అణగినది. 1997లో గహిరమథ సముద్ర అభయారణ్యమైనది. ఆ తిండి తిన్నది కలకత్తా బజారు. లాభము గడించినది మధ్యవర్తులు. మన వృత్తివారే గదా యని దాచుట మాకిష్టము లేదు.

గుడ్ల బెడద తగ్గునప్పటికి మరబోట్ల బెడద పెరిగినది. తాబేలు నీటిలో నున్నను మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి. రొయ్యలకై అడుగున గంటలకొలది ఈడ్చు వలలో చిక్కిన పైకి రాలేక ఊపిరాడక చచ్చును. ఒడిశా ఒడ్డున కొన్ని యేండ్లలో పదివేలకు మించిన కళేబరములు కొట్టుకొని వచ్చినవి. 2025 జనవరిలో తమిళనాడు తీరమున వేయికి పైగా కొట్టుకొని వచ్చినవి. దీనికి ఉపాయము లేకపోలేదు. వల గొంతుకలో ఇనుప కమ్ముల చట్రము నిలిపి, పైన నొక తలుపు పెట్టిన, రొయ్య కమ్ముల సందున లోనికి పోవును, తాబేలు తలుపు త్రోసికొని బయటపడును. దీని మొదటి రూపమును చేసినది పండితుడు కాడు. అమెరికాలోని జార్జియాకు చెందిన రొయ్యల వేటగాడొకడు జెల్లీచేపల బాధ పడలేక చేసికొన్నది. మన కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు దానిని మన వలలకు సరిపడ దిద్దిరి. బోటువారు చట్రము కట్టరేమనగా, దానితో కొంత రొయ్యయు జారిపోవునని భయము. అమెరికా 1989లోనే, తాబేలును కాపాడని వలల రొయ్యను కొనరాదని చట్టము చేసినది. మన దేశము, మలేషియా, పాకిస్థాను, థాయిలాండు కలిసి 1996లో ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యము వేసినవి. 1998 తీర్పులో, తాబేలును కాపాడ గోరుట తప్పు కాదు గాని అమెరికా ఆ చట్టమును అన్ని దేశములకు సమముగా నడుపలేదని చెప్పబడినది. ఇరుపక్షములు గెలిచితిమని చెప్పుకొన్నవి. తాబేలు నడుగువారు లేరు.

ఇపుడు మన పల్లెకారుల మాట. ధామరా, దేవి, ఋషికుల్యా ముఖద్వారములకు ఇరువది కిలోమీటర్ల లోపల నవంబరు 1 నుండి మే 31 వరకు వేట నిషిద్ధము. ఏడు నెలలు! ప్రాణములు తీయునవి ముఖ్యముగా పెద్ద మరబోట్ల ఈడ్పువలలు. అవి దూరపు రేవులకు పోయి వేటాడుకొనగలవు. చిన్న పడవవాడు ఇల్లు విడిచి ఎక్కడికి పోవును? ప్రభుత్వము నిషేధకాలమున కొంత సాయమిచ్చుచున్నది. అది ఏడు నెలల కూటికి చాలదని వారనుట నిజమే. అయినను ఆ తీరపు యువకులే సమితిగా కూడి, పిల్లలు పొదుగు రాత్రులయందు ఒడ్డున కావలి కాయుచున్నారు. గ్రుడ్డు వీడిన పిల్ల వెలుగువైపు పోవును. పూర్వము చీకటి రాత్రిలో వెలుగు సముద్రముపైననే యుండెడిది. ఇపుడు రాజమార్గపు దీపములు, కర్మాగారపు దీపములు పిల్లలను గట్టువైపు పిలుచుచున్నవి. అటవీశాఖవారు వలల కంచె కట్టగా, ఈ కుర్రవాండ్రు చిక్కిన పిల్లలను తట్టల కెత్తి నీట విడుచుచున్నారు. నష్టపడువాడే కావలివాడగుట ఎక్కడ చూచితిమి?

తాబేలు పోయిన మనకేమి యని అడుగువారికి ఒక మాట. అది జెల్లీచేపలను, పీతలను, నత్తలను తినును. దాని పొదగని గుడ్లు ఇసుకలో ఎరువగును. సముద్రపు సారమును తాబేలు ఒడ్డునకు మోయుచున్నదని ఫ్లారిడా తీరమున మరియొక జాతిని పరీక్షించి 2000లో చూపిరి. ఆ ఎరువుతో పెరుగు తీగలే ఇసుకదిబ్బను పట్టి యుంచును. దిబ్బయే ఊరికి గోడ. 1999 మహాతుపాను పిమ్మట తీరమున సరుగుడు తోటలు విరివిగా నాటిరి. ఉద్దేశము మంచిదే గాని, చెట్లు నీటి అంచు వరకు వచ్చినచోట తాబేలు గొయ్యి త్రవ్వ వీలు లేకపోయినది.

ఆ ఇసుక ఎక్కడిది? కొండలది. ఋషికుల్య దారింగబాడి కొండలనుండి తెచ్చును. మన రాయగడ ప్రక్కనుండి పారు నాగావళియు, మన జిల్లా కొండల నీరు కలియు వంశధారయు శ్రీకాకుళము సీమలో సముద్రమున ఇసుక పోయును. తూర్పు తీరపు అలలు ఆ ఇసుకను ఉత్తరముగా నడిపించును. నడుమ ఆనకట్ట పడినను, రేవుకై రాతికట్ట పడినను ఆ నడక తెగును, ఒకచోట ఒడ్డు కోసుకొనిపోవును. కావున టికిరికి తాబేటితో సంబంధము లేదనువారు ఇసుక లెక్క మరచినారు. గనులు, చెట్ల నరకుడు మొదలగు వానిని గూర్చి ఇక్కడ మాటాడిన సమావేశము తెల్లవారదు. మరియొక దినమున చూతము.

ఇక మనము చేయదగినవి. గంజాము తీరపు వారికి బయానా లిచ్చి సరుకు తెప్పించువారు మనలో నలుగురైదుగురు కలరు. నవంబరు మొదలు మే వరకు ఆ బాకీలపై వడ్డీ కట్టకుండుట మా మొదటి ప్రార్థన. ఇది ధర్మము కొరకే కాదు. నిషేధకాలమున వడ్డీ పెరిగినవాడు దానిని తీర్చుటకే చీకటిలో పడవ దింపును, పట్టుబడును, పడవ పోవును. అప్పుడు మన అసలును పోవును. ఈ యేడు మేము మా ఖాతాలలో దీనిని వ్రాసియే ఇక్కడికి వచ్చితిమి.

రెండవది భాషకు సంబంధించినది. సాయమునకు వ్రాయవలసిన అర్జీలు, నిషేధపు ప్రకటనలు ఒడియాలో నుండును. తెలుగు మాటాడుచు ఒడియా లిపి చదువలేని పెద్దలు ఆ పల్లెలలో కలరు. ఏ గీత దాటరాదో, ఏ తేదీలోగా అర్జీ పెట్టవలెనో ఇతరుల నోటినుండి వినవలసినదే. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము తన కష్టమును గూర్చి రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొను హక్కు ప్రతివానికిని కలదు. మన పాఠశాలల విషయమున పలుమారు ఉదహరించిన భాషాల్పసంఖ్యాకుల హక్కులు తెప్ప నడుపువానికి వర్తింపవా? ప్రకటనలను తెలుగులోను అచ్చువేయవలెనని జిల్లా అధికారులకు వ్రాయుదము. అంతవరకు మన యువకులు ఇద్దరు నిషేధమునకు ముందు అక్టోబరులో ఆ పల్లెలకు పోయి అర్జీలు వ్రాసి పెట్టిన చాలును. దారిఖర్చులు పెద్దవి కావు.

పోరాడవలసినది చిన్న పడవకును తాబేలుకును నడుమ కాదని మా అభిప్రాయము. ఒడిశాలో 2021లో గుర్తుబిళ్ళ కట్టిన ఆడ తాబేలొకటి 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరమున గుడ్లు పెట్టుచు కనబడినది. కన్యాకుమారిని చుట్టి పోవు ప్రాణిని ఒక్క పొడంపేట కాపాడలేదు. దాని భారమంతయు ఒక్క పొడంపేట మోయుటయు న్యాయము కాదు. పెద్ద బోట్లకు చట్రము, చిన్న పడవలకు పూర్తి పరిహారము, ఈ రెండును కలిపి అడుగవలెను.

ఈ మేరకు తీర్మానపు ముసాయిదా కార్యదర్శిగారి చేత నున్నది. వడ్డీ సంగతిలో అభ్యంతరము గలవారు బయట గొణుగుకొనక ఇప్పుడే లేచి చెప్పవలసినదిగా కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.