మందు సరే, పొట్టేలు సంగతేమిటి?

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ గొర్రెల పెంపకందార్ల సమావేశాల్లో చేసిన ప్రసంగం)



పొలం ఎలుకల్ని పట్టి కోసి చూసిన శాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించారు. ఒకేచోట తిరిగే ఎలుకల్లో కొన్నింటి పేగుల నిండా నట్టలు, కొన్నింట్లో ఒకటో రెండో. వయసు, మేత కొంత కారణం. తల్లిదండ్రుల నుంచి వచ్చే శక్తి ఇంకొంత. ఎలుకల గొడవ మనకెందుకంటారా? మన మందల్లోనూ ఇదే లెక్క.

సాగర్ ఎడమ కాలువ కింద కోతలయ్యాక మందల్ని వరికొయ్యల్లో, కాలువ గట్ల మీద మేపుతాం. తడిగడ్డి మీదికే నట్టల పిల్లలు పాకుతాయి. హీమాంకస్ అనే నట్ట గొర్రె పొట్టలో చేరి నెత్తురు తాగుతుంది, రోజుకు వేలల్లో గుడ్లు పెడుతుంది. కంటిరెప్ప లోపల తెల్లబడినా, దవడ కింద నీరు దిగినా దాన్ని అనుమానించాలి. అయితే మందలో ఎక్కువ నట్టల్ని మోసేవి కొద్ది గొర్రెలే. మనం అన్నింటికీ అదే మందు, అదీ ఉజ్జాయింపుగా, పోస్తాం. నట్టలు మందుకు లొంగకుండా పోతున్నాయి.

సుందరబన్స్‌లోని గారోల్ గొర్రె, కెన్యాలోని ఎర్ర మసాయి గొర్రె ఈ నట్టను బాగా తట్టుకుంటాయి. మనకు 2017లో 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు, చాలావరకు బయటి రాష్ట్రాల నుంచి తెచ్చి. ఆ పొట్టేలు తల్లి నట్టల్ని ఎలా తట్టుకుందని ఎవరడిగారు? మేమూ అడగలేదు.

ఇకమీదట పెంటికలు పరీక్ష చేయిద్దాం. గుడ్లు తక్కువున్న తల్లి పిల్లనే విత్తనపు పొట్టేలుగా ఉంచుదాం. ఆ పరీక్ష మండల పశువైద్యశాలలోనే జరగాలని వానాకాలం లోపే అర్జీ పెడుతున్నాం. సంతకాలకు మీరూ రండి.