పాత యజమాని మాట – కొత్త ఉద్యోగం
(సంఘం వార్షిక సభలో చేసిన ఉపన్యాసం)



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు నుంచి మన పిల్లలు ఉద్యోగాల కోసం హైదరాబాదు పోతున్నారు, గల్ఫ్ పోతున్నారు. మొన్న ఒక తండ్రి కొడుకు ఫారం పట్టుకొని నా దగ్గరికి వచ్చిండు. "భాయ్‌సాబ్, పిల్లవాని మీద ఊరి గొడవల కేసు ఉన్నది. ఈ గడిలో 'లేదు' అని రాస్తే ఏమైతది?" అని అడిగిండు. ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఉన్నదే గనుక నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, ఫారంలో ఏమి అడిగారో చదవండి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కానిస్టేబుల్‌గా ఎంపికైన ఒకరి కేసు 2005లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఫారం అడిగింది శిక్ష పడిందా అని; పెండింగు కేసు ఉన్నదా అని కాదు. అడగనిది రాయకపోతే దాచినట్టు కాదని కోర్టు తీర్పు చెప్పింది.

రెండవది, స్పష్టంగా అడిగితే దాచవద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదే చెప్పింది. చిన్న వయసులో జరిగిన స్వల్ప తప్పును యజమాని మన్నించవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. అయితే దాచి దొరికితే, చేరిన ఉద్యోగమే పోవచ్చు.

మూడవది, పాత యజమాని మాట. అడిగినవారికి మంచి ఉద్దేశంతో, జాగ్రత్తగా విచారించి ఉన్నది చెబితే చట్టం రక్షిస్తుంది. పగబట్టి అబద్ధం చెప్పి పరువు తీస్తే అది నేరం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా సాధారణ జైలు శిక్ష పడవచ్చు. కాని నోటిమాటకు రుజువు దొరకడం కష్టం. అందుకే పని మానేనాడే సర్వీసు సర్టిఫికెట్ రాతలో అడిగి తీసుకోండి. జీతం చీటీలు, పి.ఎఫ్. కాగితాలు భద్రం చేయండి.

మనలో దుకాణాలు నడిపేవారికీ ఒక మనవి: కోపం మీద ఒక పిల్లవాని రొట్టె తీయకండి. సాక్ష్యం మనకే నష్టమైనా నిజమే పలకమని మన దీన్ నేర్పింది.

ఆ తండ్రి తెచ్చిన ఫారం పెండింగు కేసులను స్పష్టంగానే అడిగింది. "ఉన్నది" అనే రాయించాను. జవాబు ఇంకా రాలేదు. ఆ పిల్లవాని కోసం దుఆ చేయండి.

ఖుదా హాఫిజ్.